నెక్కొండామె బిడ్డను కానన్నాను

నా మెడలో తాళి పడకముందే నా ఒళ్ళోకి పిల్ల వచ్చింది. పద్నాలుగు నెలల ఆడపిల్ల. పీటల మీద కూర్చున్న నా దగ్గరికి కులపెద్ద ఒకాయన ఆ పిల్లను ఎత్తుకొచ్చి, "ఇయ్యాల్టి సంది ఈ పొల్ల నీ పొల్లనే. నీ కడుపుల పుట్టినట్టే," అని నా ఒడిలో కూర్చోబెట్టాడు. కొత్త మనిషిని చూసి పిల్ల ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. అది ఏడవలేదు. నా మొహంలోకి నింపాదిగా చూస్తూ నా పెళ్ళిచీర మీద ఉచ్చ పోసింది. ఆడవాళ్ళంతా నవ్వారు. మా అమ్మ ఒక్కతే మూతి ముడుచుకుంది. చీర మార్చుకుందామంటే ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు తొందరపెట్టాడు. ఆ తడితోనే తాళి కట్టించుకున్నాను.

నోటిమాట మీద మా నాన్నకు నమ్మకం లేదు. పెళ్ళికొడుకు మొదటి భార్య చనిపోయింది; ఆమె తల్లిదండ్రులు రేపొకనాడు వచ్చి పిల్ల మాది అంటే ఎవరు తగువు పడతారని, పెళ్ళికి ముందే స్టాంపు కాగితం మీద రాయించాడు. పిల్లను రెండో భార్యకు దత్తత ఇస్తున్నాం, ఇక ముందు ఈ పిల్ల మీద మాకు ఏ హక్కూ లేదు అని. నెక్కొండ నుంచి ఆ ముసలి దంపతులు వచ్చి వేలిముద్రలు వేసి, భోజనానికి కూడా ఆగకుండా రైలెక్కి వెళ్ళిపోయారట. ఆ కాగితాన్ని నా ట్రంకుపెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టుకున్నాను. డెబ్బైల మొదటి సంవత్సరాల మాట ఇది. వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. మా ఆయన గుంటమగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, నేను పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెట్టేదాన్ని.

ఒక సంగతి మొదటే ఒప్పుకుంటాను. నాకు అసూయ ఎక్కువ. చిన్నప్పుడు మా చెల్లెలికి నాకంటే రెండు గాజులు ఎక్కువ వేయించారని రెండు పూటలు అన్నం మానేసినదాన్ని. అలాంటిదాన్ని తీసుకెళ్ళి రెండో పెళ్ళివాడికి ఇచ్చారు. ఆ ఇంట్లో నాకంటే ముందు ఒక మనిషి తిరిగింది. పొయ్యి ఆమె వేసిందే. గోడకు కొట్టిన మేకులు ఆమె ఎత్తుకు తగ్గట్టున్నాయి, నేను మునివేళ్ళ మీద లేస్తే గానీ అందేవి కావు. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉంటే ఒకసారి చూసి, ముక్కు బాగాలేదనో పళ్ళు ఎత్తుగా ఉన్నాయనో అనుకుని కుదుటపడేదాన్ని. లేకపోబట్టి ఆమె నా ఊహలో ఎప్పుడూ నాకంటే అందంగానే ఉండేది. పైగా మా అత్త నా పుస్తెలతాడుకు ఆమె గుర్తుగా చిన్న వెండి బిళ్ళ కట్టించింది. రెండో పెళ్ళివాళ్ళకు అది ఉండాలట, లేకపోతే పోయినామెకు కోపం వస్తుందట. అంటే ఎవరిని చూసి నేను కుళ్ళుకుంటున్నానో ఆమెను మెడలో వేసుకునే తిరగాలి. ఆమె ఎట్లాంటిదని మా ఆయనను అడిగితే, "మంచిదే ఉండె," అని మగ్గం మీదికి వంగేవాడు. మంచిదే ఉండె అంటే ఏమిటి? నేను చెడ్డదాన్నా? ఆ రెండు ముక్కల మీద మూడు రోజులు అలిగాను.

నాకు పిల్లలు పుట్టలేదు. రెండుసార్లు కడుపు నిలిచింది, నిలిచినట్టే నిలిచి పోయింది. దవాఖానలో డాక్టరమ్మ ఇక ఆశ పెట్టుకోవద్దని చెప్పింది. అందుకని నాకున్నది ఆ ఒక్క పిల్లే. దాని నోట అమ్మా అనే పిలుపు నాకు ఒక్కదానికే చెందాలి. దానికి ఇంకో అమ్మ ఉండేదని దానికి తెలియకూడదు. వాడకట్టులో ఆడవాళ్ళందరి దగ్గరా మాట తీసుకున్నాను. నా భయమంతా ఒక్కటే. నెక్కొండ నుంచి ఎవరో ఒకరు వస్తారు, దాని చెవిలో నిజం చెబుతారు, పిల్ల మనసు నా నుంచి లాక్కుపోతారు.

పిల్లకు మూడేళ్ళు నిండాయి. పల్లికాయ పీకే రోజుల్లో ఒకనాడు పొద్దటి ప్యాసింజరు దిగి ఒక ముసలమ్మ మా గడప ముందు నిలబడింది. ముతక చీర, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ఒక చేతిలో సంచి, ఇంకో చంకలో తెల్లగుడ్డ మూట. నన్ను చూసి, "బాగున్నవా బిడ్డా," అంది. ఎవరో చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. ఒళ్ళు మండింది. నన్ను బిడ్డా అనడానికి నేను నీకేమవుతాను అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి, "రా అత్తమ్మా," అన్నాడు. ఇంకా అత్తమ్మా!

మా దిక్కు ఒక ఆనవాయితీ ఉంది. కూతురు చనిపోయి అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, ఆ వచ్చిన పిల్లనే కూతురి జాగాలో పెట్టుకుంటారు తల్లిగారివాళ్ళు. పండగకు పిలుస్తారు, చీర పెడతారు, ఒడిబియ్యం పోస్తారు. మా ఆడవాళ్ళకు ఒడిబియ్యం అంటే చిన్న విషయం కాదు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికబట్ట పెట్టి తల్లి తన కూతురి కొంగులో పోస్తుంది. నువ్వెక్కడ ఉన్నా మా ఇంటి ఆడబిడ్డవే అని చెప్పడం అది. పోయించుకున్నామంటే ఆ ఇల్లు మన తల్లిగారిల్లని ఒప్పుకున్నట్టే. ఆ ముసలమ్మ చంకలోని మూటలో ఉన్నది నాకోసం తెచ్చిన ఒడిబియ్యం.

వినేవాళ్ళకు మంచి ఆచారమే అనిపిస్తుంది. నాకు మాత్రం అది దొడ్డిదారిలా కనబడింది. నేను ఆమెకు కూతురినైతే నా పిల్ల ఆమెకు మనవరాలవుతుంది. కాగితం రాయించి మా నాన్న మూసిన తలుపును ఈ మూటతో తోసుకుని లోపలికి వస్తోంది అనుకున్నాను. ఆవిడ పిల్లను దగ్గరికి తీసుకుని గడ్డం పట్టుకుని, "గదే నవ్వు," అంది. నా మొహం చూసి గబుక్కున చెయ్యి తీసేసింది. "అమ్మమ్మా అని పిలిపించుకోవద్దు. పిల్లకేం చెప్పొద్దు," అని ఆవిడ ఎదురుగానే అన్నాను. తల ఊపింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు నెక్కొండామె. పిల్ల కూడా అట్లాగే పిలిచేది.

ఇక ఒడిబియ్యం. మొహం మీద వద్దనడానికి ఆ రోజు ధైర్యం చాలలేదు. ఆడవాళ్ళకు ఎప్పుడూ చేతికందేలా ఉండే అబద్ధం ఒకటుంది, అది ఆడాను. "నేను బయటున్న," అన్నాను. బయట ఉన్న ఆడదాన్ని ముట్టుకోరు, బొట్టు పెట్టరు, ఒడిబియ్యం అసలే పోయరు. మా అత్త అప్పుడు బతికే ఉంది కాబట్టి ఆ అబద్ధం నాకు పెద్ద కష్టం పెట్టలేదు. వంట ఆమె చూసుకుంది. నేను వెనక వసారాలో ఒక పూట కూర్చున్నాను. నెక్కొండామె పల్లికాయలు ఇచ్చి, బియ్యం మూట మళ్ళీ చంకన పెట్టుకుని సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. వెళ్ళగానే లేచి స్నానం చేసి పిల్లను ఎత్తుకున్నాను.

రెండో ఏడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ బయటున్నాను. మూడో ఏడు లెక్క వేసుకుని పదిహేను రోజులు అటు జరిపి వచ్చింది. అప్పుడూ బయటే ఉన్నాను. "గిదేంది బిడ్డా, నేనొచ్చినప్పుడే అయితవ్," అంది. "నా ఒళ్ళు నా చేతుల ఉంటదా," అన్నాను.

రావద్దని నువ్వే చెప్పు అని మా ఆయన మీద పడ్డాను. "నోరెట్లొస్తదే? బిడ్డను పోగొట్టుకున్న మనిషి," అన్నాడు. "అయితే ఆమె కోసం నా బిడ్డను నేను పోగొట్టుకోవాల్నా?" అని అడిగాను. ఆయన వెళ్ళి మగ్గం గుంటలోకి దిగాడు. ఆ పూటంతా మగ్గం పలక దెబ్బ గట్టిగా వినబడింది.

నాలుగో ఏడు వచ్చేసరికి మా అత్త లేదు. ఆ ఎండాకాలమే చనిపోయింది. పిల్లకు ఆరేళ్ళు, బడికి పోతోంది. నెక్కొండామె గడప దగ్గర కనబడగానే అలవాటు కొద్దీ నా నోరు దానంతటదే తెరుచుకుంది. "నేను బయటున్న," అన్నాను.

ఆవిడ మూట దించింది. "ఎన్నో దినం?"

"ఇయ్యాలే."

"మరి వంటెవ్వలు జేస్తరు? మీ అత్త లేకపాయె. పొల్లను బడికెవ్వలు తయారుజేస్తరు?"

అత్త పోయినప్పటి నుంచి ఆ మూడు రోజులు మా ఆయనే ఏదో ఉడకేసి పెట్టేవాడు. ఆ మాట చెప్పేలోపే నెక్కొండామె కొంగు నడుముకు చెక్కుకుంది. "నువ్వేం ఫికర్ జెయ్యకు. నాలుగోనాడు తలకు పోసుకుందువు. గప్పటిదాక నేనుంట. గప్పుడే ఒడిబియ్యం పోసి పోత," అని చక్కా వంటింట్లోకి నడిచింది.

ఎవరూ తోయకుండానే నేను వసారాలో పడ్డాను. అబద్ధమని చెబితే వెనకటి మూడేళ్ళ అబద్ధాలూ బయటపడతాయి. చెప్పకపోతే మూడు రోజులు నా ఇల్లు, నా పొయ్యి, నా పిల్ల ఆవిడ చేతిలో ఉంటాయి. నాకు ఒక పాత జంపఖానా, ఒక కంచం, ఒక చెంబు. అక్కడి నుంచి వాకిలీ వంటింటి తలుపూ స్పష్టంగా కనబడతాయి. కనబడకపోయినా బాగుండేది.

మొదటిరోజు బడి నుంచి పిల్ల పలక పట్టుకుని నా మీదికి ఉరికొచ్చింది. మామూలు నెలల్లో నేను దూరంగా ఉన్నప్పుడు ఎంత వద్దన్నా వినేది కాదు, వచ్చి ఒళ్ళో పడేది, నేనూ గట్టిగా తోసేదాన్ని కాదు. ఇప్పుడు నెక్కొండామె దాని చెయ్యి పట్టుకుని, "అమ్మను ముట్టొద్దు బిడ్డా, మూడు దినాలు ఆగాలె," అంది. అది ఆగిపోయింది. అడుగు దూరంలో నిలబడి పలక నావైపు తిప్పి చూపించింది. నా మాట ఏనాడూ వినని పిల్ల ఆవిడ ఒక్క మాటకు ఆగింది.

రెండోరోజు ఆవిడ పిల్లకు తల దువ్వింది. నేను దువ్వితే అది గిలగిల కొట్టుకుని వీధంతా వినబడేలా ఏడుస్తుంది. ఆవిడ ముందర మాత్రం పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుని పల్లికాయలు వొలుచుకు తింటోంది. ఆవిడ నూనె పెట్టి, చిక్కులు ఒక్కొక్కటే వేళ్ళతో విడదీసి, రెండు జడలు వేసి మడిచి కట్టింది. నేను ఎప్పుడూ ఒక్కటే జడ వేసేదాన్ని. ఆ రెండు జడల్లో పిల్ల వేరే ఎవరి పిల్లలాగానో కనబడింది. చనిపోయినామె కూడా చిన్నప్పుడు ఇట్లాగే రెండు జడలు వేసుకునేదేమో అనుకున్నాను, అనుకోగానే ఆ జడలు విప్పేయాలనిపించింది. ముట్టుకోవడానికి లేదు. ఇద్దరూ ఏవేవో గుసగుసలాడుకునేవాళ్ళు. పిల్ల ఏదో చెబితే ఆవిడ తల ఊపి వంటింట్లోకి పోయేది.

పూటపూటకూ నా కంచం వచ్చేది. దూరంగా పెట్టి నావైపు జరిపేది. పచ్చిపులుసు, పల్లీల తొక్కు, ఒక పూట సర్వపిండి. సర్వపిండి అంటే నాకు ప్రాణం. అంచులు కరకరలాడేలా కాల్చింది. ఆవిడ చేతి వంట తినకూడదని పంతం పట్టాను గానీ కంచం ముందుకు రాగానే పంతం ఎటు పోయేదో, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆ తిన్నందుకు కూడా ఆవిడ మీదే కోపం వచ్చింది.

మూడోరోజు సాయంత్రం ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. పక్కన పిల్ల. "నీకు బిడ్డలు లేరా?" అని అడిగింది పిల్ల. ఇదే, ఈ ప్రశ్న కోసమే నేను నాలుగేళ్ళుగా భయపడుతున్నాను. నెక్కొండామె చేట కింద పెట్టింది.

"ఉన్నది," అంది.

"ఏడున్నది?"

"గా వసారల కూసున్నది సూడు. గామెనే నా బిడ్డ."

పిల్ల తల తిప్పి నావైపు చూసింది. నిజం చెప్పలేదన్న ఊరట నాకు ఒక్క నిమిషమే. వెంటనే మంట మొదలైంది. ఎంత తెలివి! కాగితం దాటకుండా, మాట తప్పకుండా, పిల్ల ముందు నన్నే కూతుర్ని చేసి తను అమ్మమ్మ అయి కూర్చుంది. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. వినబుద్ధి కాలేదు. గోడవైపు తిరిగి కొంగు చెవుల మీదికి లాక్కుని పడుకున్నాను.

నాలుగోరోజు పొద్దున తలస్నానం చేసి వచ్చేసరికి ముందరింట్లో పీట వేసి ఉంది. మూట విప్పి పసుపు బియ్యం చేటలో పోసింది. కుడుకలు, పసుపుకొమ్ములు, ఆకుపచ్చ చీర, రవికబట్ట. పక్కింటి ఆడవాళ్ళను ఇద్దరిని పిలిచిరావడానికి మా ఆయన చెప్పులేసుకుంటున్నాడు. నేను పీట దాకా వెళ్ళి ఆగిపోయాను.

"నాకు పరకాలల అమ్మున్నది. నా ఒడిబియ్యం ఆమె పోస్తది. నువ్వెవరు?" అన్నాను.

మా ఆయన ఏదో అనబోయాడు. నేను వినే స్థితిలో లేను. ట్రంకుపెట్టె తెరిచి అడుగున ఉన్న కాగితం తీసి ఆవిడ ముందు పరిచాను. "ఈ వేలుముద్ర ఎవలది? హక్కు లేదని రాసిచ్చి నాలుగేండ్ల సంది ఎందుకొస్తానవ్?"

ఆవిడ కాగితం వంక చూసింది. చదువు రాదు, కానీ తన వేలిముద్ర ఎక్కడుందో తెలుసు, దాని మీద వేలు పెట్టింది.

"పొల్ల మీద హక్కు లేదని ఏసిన బిడ్డా," అంది. "నీ మీద లేదని ఎయ్యలే."

ఆవిడే మళ్ళీ అంది, గొంతు పెంచకుండా. "బయటున్న అని అబద్ధమెందుకు? ఈ మూడు దినాలు నీ బట్ట ఒక్కటన్న తీగె మీద ఆరిందా? నేను ఆడదాన్ని గాదా? మొదటినాడే ఎర్కయింది."

"ఎర్కయినా ఎందుకున్నవ్ మరి?"

"మూడు దినాలన్న కూసొని తింటవని."

అది విన్నాక ఎవరైనా మెత్తబడతారు. నేను మెత్తబడలేదు. మంచితనంలో కూడా ఆవిడ నాకంటే పైచెయ్యిగా ఉండడం నాకు భరించరానిదైంది. ఇట్లాంటి తల్లికి పుట్టిన కూతురు ఎంత మంచిదై ఉండాలి, మా ఆయన అన్న ఆ మంచిదే ఉండె నిజమే అయి ఉండాలి అనిపించి, ఇంకా మండిపడ్డాను. "నాకొద్దు. వద్దంటే వద్దు," అన్నాను.

"సరే," అంది. కుడుకలు ఒక్కొక్కటే తీసి, బియ్యం మళ్ళీ గుడ్డలో పోసి ముడి వేసింది.

మా ఆయన రిక్షా పిలుచుకొచ్చాడు. పిల్ల ఆవిడ వెంట వీధి మలుపు దాకా పోయింది. నేను గడపలోనే నిలబడి చూశాను. రిక్షా ఎక్కబోతుంటే పిల్ల ఆవిడ కొంగు పట్టి లాగింది. ఆవిడ వంగింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఆవిడ కదలకుండా విన్నది. తర్వాత పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది, కాసేపు అట్లాగే ఉంచింది. ఒక్కసారి తలెత్తి నేను నిలబడ్డ గడపవైపు చూసి రిక్షా ఎక్కింది.

పిల్ల ఇంట్లోకి రాగానే అడిగాను, "ఏమన్నవ్ ఆమెతోని?"

"ఏం లే."

బెల్లం పెట్టి అడిగాను. మిర్చిబజ్జీ కొనిపెట్టి అడిగాను. వీపు మీద ఒకటి వేసి అడిగాను. చెప్పలేదు. ఇక నాకు సందేహం ఏముంటుంది? మళ్ళీ రమ్మని బతిమాలి ఉంటుంది. నన్నూ మీ ఊరికి తీసుకుపొమ్మని అని ఉంటుంది. లేకపోతే దాచడం దేనికి?

తర్వాతి ఏడు పల్లికాయ రోజులు వచ్చాయి, పోయాయి. నెక్కొండామె రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. నా వద్దు గట్టిగానే తగిలిందని, గెలిచానని అనుకున్నాను. కానీ గెలిచినదాని కుదురు నాకు ఏనాడూ లేదు. పిల్ల ఊరికే ఏదో ఆలోచిస్తూ కూర్చుంటే నెక్కొండామెను తలుచుకుంటోంది అనుకునేదాన్ని. తనంతట తాను రెండు జడలు వేసుకోవడం మొదలుపెట్టిన రోజు అన్నం పెట్టకుండా చాలాసేపు ఊరికే సాధించాను. దానికి పదేళ్ళప్పుడు బడివాళ్ళు పిల్లలందరినీ ఖిలా వరంగల్ చూపించడానికి తీసుకుపోయారు. చెప్పిన వేళకు రాలేదు. కోట నుంచి స్టేషను ఎంత దూరం గనక! పిల్ల నెక్కొండ రైలెక్కేసిందని నా బుర్రకు తట్టింది. తట్టిందే తడవు స్టేషనుకు పరుగెత్తి, ప్యాసింజరు వచ్చి పోయేదాకా పెట్టె పెట్టెకూ తొంగిచూశాను. ఇంటికి వస్తే అది తాళం వేసిన తలుపు ముందు కూర్చుని, "ఏడికి పోయినవమ్మా, ఆకలైతాంది," అంది. కూరగాయలకు పోయాననీ, దొరకలేదనీ చెప్పాను.

ఎనభైల చివర దాని పెళ్ళి కుదిరింది. మా ఇళ్ళల్లో పెళ్ళికి ముందు చనిపోయిన పెద్దలకు బట్టలు పెట్టి మొక్కుతారు. మా ఆయన జీవితంలో మొదటిసారి నా ముందు గట్టిగా మాట్లాడాడు. "కన్నతల్లికి చీర పెట్టకుంట పొల్లను పీటల మీద కూసోబెట్ట. ఎవలికని పెడ్తున్నవో పొల్లకు నువ్వే చెప్పాలె," అన్నాడు. పెళ్ళికి పిలవడానికి తనే నెక్కొండ పోయాడు. మధ్యాహ్నం రైలుకే తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు, అత్తమ్మ పోయిన వానాకాలమే చనిపోయిందట అని.

ఇక దాచి లాభం లేదు. పిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. దాని ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. నిన్ను కన్నది నేను కాదు, కన్నామె నీకు ఏడాది కూడా నిండకముందే పోయింది, నిన్ను నా ఒడిలో పెట్టారు, నెక్కొండామె నీకు అమ్మమ్మ. చెబుతున్నంతసేపూ దాని కళ్ళలోకే చూశాను, నా నుంచి అది దూరంగా జరిగే ఆ ఘడియ కోసం. రాట్నం ఆగింది.

"నెక్కొండామె ఉన్నదా?" అని అడిగింది.

"పోయిన వానాకాలం పోయింది."

అది రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. "నేనే రావద్దన్ననమ్మా," అంది. "ఆ దినం రిక్షాకాడ. నువ్వు కొట్టి కొట్టి అడిగినవ్ గదా. గదే మాట."

నాకు అర్థం కాలేదు. అది ఏడుస్తూనే చెప్పింది.

"నువ్వు తన బిడ్డవని చెప్పింది. బియ్యం పోసి మా ఊరికి తోల్కపోత అన్నది. మూడు దినాలు నీకేమిష్టమో నన్ను అడిగి అడిగి గదే వండింది. ఎప్పుడు జూడు నీ ముచ్చటే. నాకు మస్తు కోపమొచ్చేది. నిన్ను తీస్కపోతదనుకున్న. అందుకే చెవుల చెప్పిన. మా అమ్మ నాది, నీకియ్య, మల్ల మా ఇంటికి రాకు అని."

"ఆమె ఏమన్నది?"

"సరే, నీ అమ్మ నీకే, నేను మల్ల రాను అన్నది. నేను నమ్మలే. ఒట్టెయ్యుమన్న. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది."

పిల్ల నెత్తి మీద ఒట్టు వేస్తే ఎవరూ తప్పరు. తప్పితే పిల్లకు కీడు. ఆవిడ చనిపోయేదాకా తప్పలేదు. గడపలో నిలబడి నేను చూసింది ఆ ఒట్టునే.

నన్ను పట్టుకుని పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది, అమ్మమ్మను వెళ్ళగొట్టాను అని. నాకూ ఏడుపు రావాలి. కానీ నాకు ముందు వచ్చింది సంతోషం. ఆరేళ్ళ పిల్ల నా కోసం అంతగా కుళ్ళుకుందని, నన్ను ఎవరికీ ఇవ్వనందని, ఒళ్ళంతా పొంగిపోయేంత సంతోషం. ఆ మొహం దానికి కనబడకూడదని దాని తలను నా భుజానికి గట్టిగా అదుముకుని చాలాసేపు కూర్చున్నాను. నెక్కొండామె కోసం నాకు ఏడుపు మరునాడు గానీ రాలేదు.